కల్లు లొట్టీ, గ్యాసు పీపా

ద్రాక్షరసం పులిస్తే వైను. తాటిరసం పులిస్తే కల్లు. రెండింటిలోనూ జరిగే పని ఒక్కటే. కంటికి ఆనని ఈస్టు కణాలు చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతాయి. లొట్టి మూతి మీద తెల్లగా లేచే నురగ ఆ వాయువు చేసే పనే. అంతవరకూ వైనూ కల్లూ అన్నదమ్ములే. తేడా ఎక్కడ వస్తుందీ అంటే, వైను చేసుకున్నవాడు దాన్ని ఏడాదో రెండేళ్ళో దాచుకుని, గిట్టినప్పుడు తీస్తాడు. కల్లు దింపినవాడు పొద్దు గూకేలోగా వదిలించుకోవాలి. లేకపోతే మర్నాటికి అది పుల్లనీళ్ళు, ఆ పై రోజుకు ముక్కు దగ్గర పెట్టుకోలేని పులుసు.

ఇది తాటిచెట్టు తలరాత అని కొందరంటారు. మేమట్లా అనుకోవడం లేదు. ఇందులో సగం ప్రకృతి ఉంది, సగం పాత్ర ఉంది. ప్రకృతిని మనం మార్చలేకపోవచ్చు. పాత్రను మార్చవచ్చు. ఆ పాత్ర సంగతే ఈ వారం మాట్లాడదలచాం. రైతు సమస్యల శీర్షికలో కల్లు ముచ్చటేమిటని ఎవరైనా ముఖం చిట్లిస్తే, మోకు కట్టుకుని చెట్టెక్కేవాడు కూడా అరెకరమో ఎకరమో దున్నుకునే రైతేననీ, పొలం ఎండిన ఏడు ఆ ఇంటిని గట్టున పడేసేది తాటిచెట్టేననీ గుర్తుచేస్తే చాలు.

ముందు లొట్టిలో ఏం జరుగుతుందో చూద్దాం. గెల కోసినచోట నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళ చక్కెర ఉంటుంది. కారేటప్పుడు అది తియ్యని నీరా. కానీ అది పడే లొట్టి మట్టిది. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. నిన్నటి కల్లు మడ్డి ఆ రంధ్రాల్లో దాగి ఉంటుంది. పాలలో తోడు వేసినట్టు, ఆ మడ్డే కొత్త రసానికి తోడవుతుంది. రసం పడ్డ ఘడియ నుంచే పులుపు మొదలు. ఈస్టు ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బాక్టీరియా, పాలను పెరుగు చేసే జాతి బాక్టీరియాలూ, అన్నీ ఒకేసారి విందుకు కూర్చుంటాయి. తెల్లారి దింపిన కల్లు పదింటికి ఒక రుచి, మధ్యాహ్నానికి మరో రుచి, రాత్రికి ఇంకొకటి. చివర వచ్చేది వెనిగరు బాక్టీరియా. దానికి గాలి కావాలి. మూతి విప్పి ఉన్న లొట్టిలో గాలికేం కొదవ! ఆల్కహాలును అది పులుసుగా మార్చేస్తుంది. నీరా కావలసినవాళ్ళు లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం పులుపును ఆపుతుందిగానీ కాస్త ఎక్కువైతే రుచి చెడుతుంది, తక్కువైతే పని చెయ్యదు. ఆ లెక్క చేతివాటం మీద నడిచేదే.

మన ఎండల్లో ఇదంతా గంటల లెక్కన జరిగిపోతుంది. అందుకే గీత కార్మికుడికి బేరమాడే వ్యవధి లేదు. వడ్లు పండించినవాడు కనీసం నాలుగు రోజులు కళ్ళంలో కూర్చుని దళారీతో పెనుగులాడగలడు. పత్తివాడు ఇంట్లో కుప్ప పోసి ధర కోసం చూస్తాడు. కల్లువాడు ఏం పెట్టుకుని చూస్తాడు? ఎదుటివాడికి ఆ సంగతి తెలుసు. సాయంత్రం దాకా ఊరకే కూర్చుంటే చాలు, సరుకు తనంత తానే కాళ్ళ దగ్గరికి వస్తుంది. చెట్లు గీసేవాళ్ళ సహకార సంఘాలు కాగితం మీద ఎన్ని ఉన్నా, పట్నం దుకాణానికి సరుకు పోవాలంటే బండి పెట్టినవాడిదీ పెట్టుబడి పెట్టినవాడిదీ మాట. మోకు జారి నడుం విరిగేది ఒకడికి, గల్లాపెట్టె నిండేది మరొకడికి.

ఇప్పుడు సముద్రాల కవతల ఒక ఇంటి కొట్టులోకి తొంగిచూద్దాం.

అమెరికాలో ఇంట్లో వైను చేసుకోవడం నేరం కాదు. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం అమలైన రోజుల్లో కూడా ఇంటి వాడకానికి పండ్లరసం చేసుకోవచ్చని చట్టంలో ఒక సందు ఉంచారు. ఆ సందులోంచే కాలిఫోర్నియా ద్రాక్ష రైలు పెట్టెలకెక్కి షికాగో, న్యూయార్కు బస్తీల్లోని ఇటలీ కూలీల నేలమాళిగల్లోకి చేరింది. ఈనాటి చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 750 లీటర్ల వైను చేసుకోవచ్చు. పన్ను లేదు. అమ్మకూడదు, అంతే. ఇంట్లో బీరు కాచుకునే హక్కు మాత్రం వాళ్ళకు 1978 నాటి చట్టంతో గానీ రాలేదు. అది 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ ఇంటి వైనుకారులు చాలాకాలం గాజు బుడ్లతోనే కాలక్షేపం చేశారు. బుడ్డిలో వైను కాస్త తగ్గిందంటే పైన గాలి చేరుతుంది. గాలి చేరితే వైను రంగు తిరుగుతుంది, వాసన పోతుంది, చివరికి పులుసవుతుంది. మన లొట్టికి పట్టే గతే, నెలల మీద పడుతుందంతే. దీనికి మందు వాళ్ళకు ఒక చిత్రమైన చోట దొరికింది. కూల్‌డ్రింకు కంపెనీలు హోటళ్ళకు తియ్యని పాకాన్ని స్టీలు పీపాల్లో పంపేవి. ఒక్కొక్కటి 5 గ్యాలన్లది, అంటే 19 లీటర్లు పడుతుంది. నిలువుగా, సన్నగా, మన పాల క్యానును సాగదీసినట్టుంటుంది. కొర్నీలియస్ అనే కంపెనీ పేరు మీద దాన్ని 'కార్నీ కెగ్గు' అంటారు. తర్వాత కంపెనీలు పాకాన్ని అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచీ పెట్టి పంపడం నేర్చుకున్నాయి. లక్షల కొద్దీ స్టీలు పీపాలు పాత సామాను కొట్టు పాలయ్యాయి. ఇంట్లో బీరూ వైనూ చేసుకునేవాళ్ళు వాటిని చవగ్గా కొని ఇంటికి తెచ్చుకున్నారు. కంపెనీ పారేసిన చెత్త సామాన్యుడికి సాధనమైంది. వాటి మూతి రబ్బర్లు మాత్రం మార్చాల్సిందే. ఎన్నిసార్లు కడిగినా కూల్‌డ్రింకు వాసన రబ్బరును వదలదట!

ఈ పీపాకు మీద రెండు ముక్కులుంటాయి. ఒకదానిలోంచి గ్యాసు లోపలికి పోతుంది. రెండోదానికి అడుగుదాకా పోయే గొట్టం ఉంటుంది, వైను అందులోంచి బయటికొస్తుంది. మధ్యన కోలగా ఉన్న మూత, దానికి రబ్బరు చుట్టు, ఒత్తిడి పెరిగితే వదిలేసే చిన్న కవాటం. అంతే యంత్రం. బయట సిలిండరులో బొగ్గుపులుసు వాయువు. ఒక గ్లాసు వైను తీస్తే ఆ ఖాళీలోకి గాలికి బదులు ఈ వాయువు చేరుతుంది. పీపా సగం ఖాళీ అయినా లోపల ప్రాణవాయువు లేదు. వెనిగరు బాక్టీరియాకు ఊపిరి అందదు. నేడు తాగినా, ఆర్నెల్లకు తాగినా పీపాలో వైను పీపాలోనే క్షేమంగా ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం బాగా వ్యాపించి ఉంది. బొగ్గుపులుసు వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి, కాస్త వదిలితే వైను మీద దుప్పటిలా పరుచుకుని కాపలా కాస్తుందని చాలామంది నమ్ముతారు. వాయువులు దుప్పట్లు కావు. ఒకదానిలో ఒకటి కలిసిపోవడం వాటి స్వభావం. మూత తీసి పెడితే ఆ కాపలా ఎంతోసేపు నిలవదు. పని తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, పీపాను నిండా నీళ్ళతో నింపి మూత బిగించి, గ్యాసుతో ఆ నీటినంతా బయటికి తోసేస్తారు. నీళ్ళు పోయినచోట గాలి లేదు, గ్యాసే ఉంది. అప్పుడు అడుగు గొట్టం గుండా వైనును మెల్లగా ఎక్కిస్తారు. గాలి చొరబడడానికి సందే ఉండదు. చదువు లేనివాడికైనా ఒక పూటలో పట్టుబడే పని ఇది.

మరో చిక్కూ ఉంది. బొగ్గుపులుసు వాయువు ద్రవంలో కరుగుతుంది. చల్లబడే కొద్దీ మరీ కరుగుతుంది. గడ్డకట్టే చలిలో పట్టేది, మామూలు వేడిలో పట్టేదానికి ఇంచుమించు రెట్టింపు. కాబట్టి ఒత్తిడి ఎక్కువ పెడితే మామూలు వైను కాస్తా నాలుక మీద చురుక్కుమనే సోడా అవుతుంది. అది ఇష్టమైనవాడికి సరే. ఇష్టం లేనివాడు ఒత్తిడి బాగా తగ్గించి ఉంచుతాడు, లేదా కరగని నత్రజనినో ఆర్గాన్‌నో వాడుతాడు. ఇది ఎందుకు చెబుతున్నామంటే, వైనుకు లోపమైనది కల్లుకు గుణం. నాలుక మీద చురుకు లేని కల్లును ఎవరు తాగుతారు?

ప్రమాదం మాట కూడా చెప్పాలి. ఒక లీటరు కల్లు పూర్తిగా పులిస్తే పాతిక లీటర్లకు పైగా గ్యాసు పుడుతుంది. తీపి ద్రాక్షరసమైతే యాభై లీటర్లు. వైను చేసే దేశాల్లో ద్రాక్ష కోతల కాలంలో తొట్టెలు కడగడానికి దిగి, తిరిగి పైకి రానివాళ్ళు ఉన్నారు. మన దగ్గర పాతబావుల్లో పూడిక తీయడానికి దిగిన కూలీలు పోవడం వింటూనే ఉన్నాం. మొదటివాడు పడిపోతే కాపాడబోయిన రెండోవాడు, వాడికోసం మూడోవాడు. దీపం దించి చూడడం మన పెద్దలు నేర్పిన జాగ్రత్త. దీపం ఆరితే దిగకూడదు. ఆరకపోయినంత మాత్రాన క్షేమమనుకోవడానికి వీల్లేదు. దీపం వెలుగుతుండగానే మనిషిని మత్తులో పడేసేంత గ్యాసు ఉండవచ్చు. సిలిండరులోనైతే 20 డిగ్రీల వేడికే ఒత్తిడి యాభై వాతావరణాలు దాటుతుంది. మన మే నెల ఎండలో దాన్ని బయట పడేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాలి ఆడే కొట్టు, నీడ, పరీక్ష చేసిన సిలిండరు లేకుండా ఈ పనికి దిగరాదు.

సరే, అమెరికావాడి పీపా మన కల్లుకు పనికొస్తుందా?

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఒక్క పీపాతో పని జరగదు. వైను చేసేటప్పుడు చక్కెర అంతా అయిపోయేదాకా పులియబెడతారు. ద్రాక్షలో పులుపు ఎక్కువ, ఆల్కహాలు పన్నెండు పాళ్ళదాకా ఉంటుంది. చాలా క్రిములు ఆ పుల్లటి ఘాటులో బతకలేవు. కల్లులో ఆల్కహాలు నాలుగైదు పాళ్ళు. చక్కెర ఇంకా మిగిలి ఉండగానే తాగుతాం. గాలి తీసేస్తే వెనిగరు బాక్టీరియా ఆగుతుందిగానీ, గాలి అవసరంలేని ఈస్టూ తక్కిన బాక్టీరియాలూ తమ పని తాము చేసుకుపోతాయి. కాబట్టి గ్యాసు సగం పనే చేస్తుంది. మిగతా సగం చల్లదనం చేయాలి. నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే పులియడం నత్తనడకన సాగుతుంది. చల్లదనమూ గాలిలేని పీపా రెండూ కలిస్తే గంటల సరుకు రోజుల సరుకవుతుంది. రోజుల మీదికి వస్తే బేరం మారుతుంది. మేము కోరేది కల్లును ఏళ్ళతరబడి దాచమని కాదు. గీసినవాడికి రేపు అనే మాట ఒకటి ఉండాలంటున్నాం.

అన్నిటికన్నా విచిత్రం, కల్లుకు గ్యాసు కొననే అక్కర్లేదు. పులిసే కల్లు తన గ్యాసును తానే పుట్టిస్తుంది. ఆ గ్యాసును గొట్టంతో పక్క పీపాలోకి పంపి అందులోని గాలిని తరిమేయవచ్చు. అమెరికాలో ఇంట్లో బీరు కాచేవాళ్ళు పొదుపు కోసం ఈ పని చేస్తూనే ఉన్నారు. మనం రోజూ ఎన్ని వేల లీటర్ల గ్యాసును మండువలో గాలికి వదిలేస్తున్నామో! కానీ ఒక హెచ్చరిక. పులిసే కల్లును గాజు సీసాలో పోసి బిరడా బిగించడం బాంబు చేయడంతో సమానం. స్టీలు పీపాకు ఒత్తిడి వదిలే కవాటం ఉంది కాబట్టే దాని మాట ఎత్తాం.

నీరా సంగతికొస్తే చల్లదనమే ప్రాణం. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థవారు కొబ్బరి చెట్టుకు కట్టే మంచు పెట్టె ఒకటి తయారుచేశారు. రసం చెట్టు మీద ఉండగానే చల్లని సంచీలో పడుతుంది. సున్నం అవసరం లేదు, పులుపు మొదలు కాదు. ఆ రసానికి 'కల్పరస' అని పేరు పెట్టారు. పెట్టె చూస్తే మహా యంత్రమేమీ కాదు, మంచుగడ్డ వేసిన గొట్టం లాంటి పెట్టె. తెలివి అంతా ఎక్కడ చల్లబరచాలో గ్రహించడంలో ఉంది. దింపాక చల్లబరిస్తే ఆలస్యం, కారేచోటనే చల్లబరచాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచింది. పట్నపు జనం నీరా తాగారు, సంతోషమే. కానీ అద్దాల మేడ పట్నంలో ఉండి, మంచు పెట్టె ఊళ్ళో లేకపోతే, తాటివనానికి దూరంగా ఉన్న ఆ మేడకు చేరేలోగా సరుకు దారిలోనే పులుస్తుంది. ఖర్చు పెట్టవలసిన చోటు చెట్టు మొదలు.

ఇక్కడ ఫ్రాన్సు కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. దక్షిణ ఫ్రాన్సులో మరోసాన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ చిన్న రైతులకు ద్రాక్ష తోటలున్నాయిగానీ వైను పోసి దాచుకోవడానికి తొట్టెలు లేవు, చేతిలో డబ్బు లేదు. తొట్టె లేనివాడు పంట రోజునే వర్తకుడు చెప్పిన ధరకు అమ్మాలి. మన కల్లువాడి దుస్థితే. 1901లో ఆ రైతులు కూడి స్వేచ్ఛా ద్రాక్షరైతులు అనే అర్థం వచ్చే పేరుతో సంఘం పెట్టుకున్నారు. వర్తకుణ్ణి పక్కకు నెట్టి పారిస్‌లోని కార్మికుల వినియోగదారుల సంఘాలకు తమ వైనును నేరుగా పంపారు. 1905 నాటికి ఉమ్మడి తొట్టెల భవనం లేచింది. సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ ఆ ఏడే స్వయంగా వెళ్ళి చూసి తన పత్రికలో రాశాడు. ఇంకో రెండేళ్ళకు, 1907లో, వైను ధరలు కూలిపోయి ఆ ప్రాంతమంతా భగ్గుమంది. లక్షలాది రైతులు మోన్‌పెలియే వీధుల్లోకి వచ్చారు. నార్బొన్‌లో సైన్యం కాల్పులు జరిపింది. 17వ పటాలం సైనికులు, వాళ్ళూ ఆ రైతుబిడ్డలే, తిరగబడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో ఉమ్మడి తొట్టెల భవనాలు ఆ ప్రాంతంలో ఊరూరా లేచాయి. తొట్టె దక్కినంత మాత్రాన ధర దక్కిందని మేమనడం లేదు. తొట్టె లేనివాడికి ధర గురించి నోరెత్తే అవకాశమే లేదని అంటున్నాం.

అంత దూరం ఎందుకు? పాల సంగతి చూడండి. పాలు కూడా గంటల్లో విరిగేవే. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు సహకార సంఘంగా కూడింది ఇదే కష్టం వల్ల. ఇప్పుడు మన పల్లెల్లో కూడా పాలను చల్లబరిచే తొట్లున్నాయి. ప్రభుత్వాలు వాటికి సబ్సిడీలిచ్చాయి. పాడి రైతు పొద్దున క్యాను తెచ్చి పోసి, వెన్న శాతం చూసుకుని, చీటీ తీసుకుని వెళతాడు. పాలకు ఇచ్చిన ఏర్పాటు కల్లుకూ నీరాకూ ఎందుకివ్వరు? వెన్న శాతం కొలిచినట్టే తీపినీ, పులుపునూ, ఆల్కహాలునూ కొలవవచ్చు. చవక పరికరాలున్నాయి. గీత సహకార సంఘానికి ఒక చల్లని తొట్టి, వంద స్టీలు పీపాలు, ఒక గ్యాసు సిలిండరు, కొలిచే పరికరాలు, వాటిని నడపడం నేర్పించిన ఇద్దరు యువకులు. ఖాళీ పీపా నాలుగైదు కిలోలకు మించి తూగదు, నింపితే పాతిక కిలోల లోపే. సైకిలుకు చెరొకటి కట్టుకోవచ్చు. ఒక మండలానికి ఇది పెద్ద ఖర్చా? ఒక ఎక్సైజు స్టేషను జీపుకయ్యే ఖర్చుతో పోల్చి చూడమనండి.

ఈ మాట అనగానే మా మీద రెండు వైపుల నుంచీ రాళ్ళు పడతాయని తెలుసు.

ఒక వైపు మన అక్కచెల్లెళ్ళు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993లో సారాను నిషేధింపజేసింది. ఆ తల్లులు అడుగుతారు, "నాయనా, మా మొగుళ్ళు తాగడానికి ఇంకా చల్లటి పీపాలు కూడా కావాలా?" అని. న్యాయమైన ప్రశ్న. దీన్ని తప్పించుకుపోయేవాళ్ళం కాము. తాగుడును పెంచమని మేమనడం లేదు. అందుకే ఈ ఏర్పాటులో ముందు వరస నీరాకు, తాటిబెల్లానికి ఇవ్వాలని కోరుతున్నాం. నీరాను నిలవ పెట్టగలిగితే పులియబెట్టవలసిన అవసరమే తగ్గుతుంది. సంఘం లెక్కల పుస్తకంలో ఆడవాళ్ళ సంతకం ఉండాలనీ, దుకాణం వేళలు ఊరి ఆడవాళ్ళ సభ తేల్చాలనీ కూడా కోరుతున్నాం. మోకు పట్టేది మగవాడైనా తాటిపాకం కాచి బెల్లం చేసే చేతులు చాలాచోట్ల ఆడవాళ్ళవే.

రెండో వైపు కల్తీ. కల్లు పేరుతో పట్నాల్లో అమ్మే దానిలో చాలావరకు చెట్టునుంచి వచ్చింది కాదు. చెట్టు ఇచ్చేది కొంత, దుకాణం అమ్మేది కొండంత. ఆ నడుమ వెలితిని క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలం, శాకరీను నింపుతున్నాయి. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, ఆ మత్తుకు అలవాటుపడ్డ పేదలు అది దొరక్క పిచ్చిపట్టినట్టై ఆస్పత్రుల్లో చేరారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి, పదులకొద్దీ జనం మంచం పట్టారు. చచ్చినవాళ్ళంతా రెక్కలమ్ముకునేవాళ్ళే. ఇంత జరిగాక, "కల్లు నిలవ ఉండదు, అందుకే ఏదో కలపక తప్పదు" అని కాంట్రాక్టర్లు నంగనాచి మాటలు చెబుతారు. పీపా వస్తే కల్తీ పోతుందని మేము నమ్మబలకము. కల్తీ పుట్టేది లాభం దగ్గర, నిలవ దగ్గర కాదు. అయితే సంఘం ముద్ర వేసి, తేదీ రాసి, సీలు వేసిన పీపా దుకాణానికి వస్తే, ఏ చెట్ల రసం ఎన్ని లీటర్లు బయల్దేరిందో, దుకాణంలో ఎన్ని లీటర్లు అమ్ముడైందో లెక్క తేలుతుంది. ఇప్పుడు ఆ లెక్క అడిగే దారే లేదు. ఎక్సైజు వారికి ఆ లెక్క ఎందుకు అక్కర్లేకపోయిందో వాళ్ళే చెప్పాలి.

కొత్త కల్లుకున్న ప్రాణం పీపాలో ఉండదని రుచి తెలిసిన పెద్దలు మరో అభ్యంతరం చెబుతారు. నిజమే. చెట్టుకింద మోదుగాకు దొన్నెలో తాగే పొద్దటి కల్లుకు ఏ స్టీలు పీపా సాటి రాదు. చలి పడితే దాని వాసన కొంత అణుగుతుంది. ఊళ్ళో తాగేవాడికి లొట్టి ఉండనే ఉంది, ఎవరూ లాక్కోవడం లేదు. పీపా అనేది మిగిలిపోయే సరుకుకు, దూరం పోయే సరుకుకు.

అసలు భయపడవలసింది మరొకటుంది. నిలవ పెట్టే విద్య లాభసాటి అని తేలిన మరుక్షణం పెట్టుబడిదారుడు వాలిపోతాడు. పీపాలు వాడివి, చల్లని లారీలు వాడివి, మార్కు వాడిది, గీసేవాడు మాత్రం లీటరు కూలీ. కేరళలో 2014లో నీరాకు అనుమతులిచ్చినప్పుడు కొబ్బరి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలు ఉత్సాహంగా దిగాయి. ఖరీదైన ఫ్యాక్టరీలు, బ్యాంకు అప్పులు, నిలవ చిక్కులు మీదపడి వాటిలో చాలా కంపెనీలు కుంగిపోయాయి. అదే కేరళ 2022లో పండ్లతో తక్కువ ఘాటు వైను చేసే చిన్న తయారీదార్లకు నిబంధనలు చేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. కోట్ల ఫ్యాక్టరీతో మొదలుపెట్టినచోట రైతు బ్యాంకుకు బానిసయ్యాడు. ఊరి స్థాయిలో, చేతికందే పరికరంతో మొదలుపెట్టాలి. పందొమ్మిది లీటర్ల పీపా మాకు నచ్చింది అందుకే. పోతే ఒకటి పోతుంది, సంఘం మునగదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత మోకుకు తోడు ఒక బెల్టు వచ్చింది. చెట్టు మీది మనిషికి రక్షణ దొరికితే, చెట్టు దిగిన సరుకుకు రక్షణ అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆంధ్రలో కూడా గోదావరి మన్యం నుంచి శ్రీకాకుళం దాకా తాటి, జీలుగు గీసే గిరిజనులూ గీత పనివారూ ఉన్నారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధనా కేంద్రం తాటి మీద పని చేస్తున్నది. అక్కడి శాస్త్రజ్ఞుల చేతికి పది పీపాలూ, ఒక గ్యాసు సిలిండరూ ఇచ్చి, మన ఎండల్లో నాలుగు డిగ్రీల దగ్గర కల్లు ఎన్ని రోజులు నిలుస్తుందో, ఎంత ఒత్తిడి పెట్టాలో, నీరా ఎన్నో రోజున తిరుగుతుందో కొలిచి తెలుగులో అచ్చువేయించమని కోరుతున్నాం. ఒక్క సీజను చాలు. అమెరికాలో చదువుకున్నవాడు సరదాకు చేసే ప్రయోగం, మన దగ్గర ప్రభుత్వ ఖర్చుతో చేయలేమా?

ఎక్సైజు శాఖ చేయవలసింది ఇంకొకటుంది. కల్లు ఏ రోజుది ఆ రోజే అయిపోతుందన్న లెక్కతో నడిచే లైసెన్సు పద్ధతిలో సంఘం పీపాలకు చోటు లేదు. సంఘం చేతిలో చల్లని పీపా కనిపించిన రోజున ఇన్‌స్పెక్టరు దాన్ని నిలవ నేరంగా రాసి కేసు పెట్టడని హామీ ఏమిటి? ముందుగా ఆ హామీని జీవోగా ఇవ్వాలి. గీత సహకార సంఘాలకే ఈ పీపాల హక్కు అనీ, వ్యక్తులకు గానీ కంపెనీలకు గానీ బదిలీ కాదనీ అందులో స్పష్టంగా రాయాలి. జిల్లా గీత సంఘాలు వచ్చే తాటి సీజను మొదలయ్యేలోగా ఈ రెండు కోరికలనూ కాగితం మీద పెట్టి, కలెక్టర్లకు అందజేసి, రసీదు తీసుకోవాలి.